ప్రమాణం చేసి ఉంటే అకాడియన్లు మిగిలేవారా? గ్రాన్‌ప్రే చూసి వచ్చాక ఒక ప్రశ్న

హాలిఫాక్స్_అనూరాధ

మేము హాలిఫాక్స్‌కు వచ్చి మూడేళ్లయింది. గత ఆదివారం పిల్లలను తీసుకుని కెనడాలోని ఈ నోవాస్కోషియాలోనే ఉన్న గ్రాన్‌ప్రే వెళ్లి వచ్చాము. ఫ్రాన్సు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన రైతుల సంతతివారైన అకాడియన్లు ఒకప్పుడు ఉన్న ఊరు అది. పచ్చిక మధ్య చిన్న రాతి చర్చి, దాని ముందు లాంగ్‌ఫెలో కావ్యంలోని అకాడియన్ నాయిక ఎవాంజెలిన్ విగ్రహం, వాటి వెనుక సముద్రం దాకా పరుచుకున్న పొలాలు కనిపిస్తాయి. 1755 సెప్టెంబరు 5న మధ్యాహ్నం మూడు గంటలకు ఆ ఊరి మగవారందరినీ చర్చికి రమ్మని పిలిచి, వచ్చిన 418 మందిని లోపలే బంధించి, మీ భూములు, పశువులు ఇకపై రాజుగారివి, మిమ్మల్ని ఈ సీమ నుంచి పంపివేస్తున్నాము అని చదివి వినిపించారట. బ్రిటిష్ రాజుకు షరతుల్లేని విధేయతా ప్రమాణం చేయడానికి నిరాకరించినందుకే ఈ శిక్ష అని చదివాము.

తిరుగు ప్రయాణంలో మా అబ్బాయి, "అమ్మా, ఆ ఒక్క సంతకం పెట్టేస్తే సరిపోయేది కదా, ఎందుకు పెట్టలేదు?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. పిల్లాపాపలతో ఉన్నవాళ్లు ఒక కాగితం కోసం ఇల్లూ పొలమూ ఎందుకు పోగొట్టుకుంటారు? అది మొండితనమా, మతమా, భయమా? ఈ చరిత్ర చదివినవారు ఉంటే వివరంగా చెప్పగలరు.

మౌనపాఠకుడు

పౌరసత్వ ప్రమాణం చేసిన నాలాంటివాళ్లకు కూడా ఈ ప్రశ్న అవసరమే. సమాధానాల కోసం చూస్తుంటాను.

పాతకాగితాలు

అనూరాధ గారి అబ్బాయి అడిగినది చాలామంది పెద్దవాళ్లు అడిగే ప్రశ్నే. అయితే వాళ్లు ప్రమాణం చేయలేదన్న మాట పూర్తిగా నిజం కాదు.

1713లో ఉట్రెక్ట్ సంధి వల్ల నోవాస్కోషియా ప్రధాన భూభాగం ఫ్రాన్సు చేతి నుంచి బ్రిటన్ చేతికి వచ్చింది. అప్పటికే అకాడియన్లు అక్కడ మూడు నాలుగు తరాలుగా ఉన్నారు. ప్రమాణం చేయమని కొత్త ప్రభువులు అడుగుతూ వచ్చారు, వీళ్లు వాయిదా వేస్తూ వచ్చారు. చివరకు 1730లో గవర్నర్ రిచర్డ్ ఫిలిప్స్ ముందు ప్రమాణం చేశారు. రాజుకు విధేయులుగా ఉంటాము, కానీ ఫ్రెంచివారి మీద గాని అక్కడి ఆదివాసులైన మిక్‌మాక్ ప్రజల మీద గాని ఆయుధం పట్టము అన్నది వాళ్ల షరతు. ఫిలిప్స్ ఆ షరతును నోటిమాటగా ఒప్పుకున్నాడు గాని లండన్‌కు పంపిన కాగితంలో దానిని చేర్చలేదు. ఆయన మాట ఇచ్చిన సంగతిని అక్కడున్న ఇద్దరు మతగురువులు, ఒక నోటరీ విడిగా రాసి పెట్టారు. అంటే ఒకే ప్రమాణానికి రెండు వైపులా రెండు ప్రతులు మిగిలాయి. ఆ తరువాత పాతికేళ్ల పాటు వీళ్లను "ఫ్రెంచ్ తటస్థులు" అని పిలిచింది ఇంగ్లీషువారే.

1749లో హాలిఫాక్స్ నగరాన్ని కట్టిన గవర్నర్ ఎడ్వర్డ్ కార్న్‌వాలిస్ షరతు తీసేయాలన్నాడు. వాళ్లు ఒప్పుకోలేదు, అప్పటికి ఆయన ఊరుకున్నాడు. 1755 జులైలో లెఫ్టినెంట్ గవర్నర్ చార్లెస్ లారెన్స్ అదే మాట మళ్లీ అడిగాడు. జులై 3న గ్రాన్‌ప్రే ఉన్న మీనాస్ ప్రాంతపు ప్రతినిధులను హాలిఫాక్స్‌లో కౌన్సిల్ ముందు నిలబెట్టి, షరతుల్లేకుండా ప్రమాణం చేస్తారా చేయరా అని అడిగారు. మా ఊళ్లవాళ్లతో మాట్లాడి చెప్తామంటే ఒప్పుకోలేదు. మర్నాడు వాళ్లు నిరాకరించారు. ఇక తరిమివేస్తారని అర్థమైన తరువాత, అదే రోజు, సరే చేస్తాము అన్నారు. కౌన్సిల్ వద్దంది. ఒకసారి నిరాకరించిన కాథలిక్కు ఆ తరువాత ప్రమాణం చేయడానికి బ్రిటిష్ చట్టం ఒప్పుకోదని చెప్పి వాళ్లను జైలులో పెట్టింది. జులై 28న అందరినీ పంపివేయాలని తీర్మానించింది.

కాబట్టి మీ అబ్బాయికి మొదట చెప్పవలసినది ఇదే: సంతకం పెడతామని వచ్చినవాళ్లను వెనక్కి పంపారు.

హాలిఫాక్స్_అనూరాధ

ఈ సంగతి నాకు తెలియనే తెలియదు. అడిగింది వాళ్లే, చేస్తామంటే వద్దన్నదీ వాళ్లేనా!

విశ్రాంత_సుబేదార్

పాతకాగితాలు గారు చెప్పిన వివరాలను కాదనను, కానీ మరో వైపు కూడా చూడాలి. నేను ఇరవై నాలుగేళ్లు సైన్యంలో, అందులో ఎక్కువ కాలం సరిహద్దులో పనిచేశాను. సరిహద్దులో తటస్థుడు అనే మాట చెప్పుకోవడానికి బాగుంటుంది గాని ఆచరణలో దానిని నమ్మడం కష్టం. 1747 ఫిబ్రవరిలో ఇదే గ్రాన్‌ప్రేలో, మంచు కురుస్తున్న రాత్రి, ఫ్రెంచి దళం మిక్‌మాక్ యోధులతో కలిసి వచ్చి నిద్రలో ఉన్న న్యూ ఇంగ్లండ్ సైనికులను చంపింది. వాళ్ల అధికారి ఆర్థర్ నోబుల్ అక్కడే చనిపోయాడు. ఆ దళానికి దారి చూపినవారిలో అకాడియన్లు ఉన్నారు. 1755 జూన్‌లో బ్రిటిష్ అధికారి మాంక్టన్ ఫ్రెంచివారి కోట ఫోర్ట్ బోసెజూర్‌ను పట్టుకున్నప్పుడు లోపల రెండు వందలకు పైగా అకాడియన్లు తుపాకులతో దొరికారు. ఒక పక్క ఫ్రెంచివారి లూయీబర్గ్ కోట, మరో పక్క అప్పటికి వారిదే అయిన కెనడా, మధ్యలో ప్రమాణం చేయని పద్నాలుగు వేలమంది. ఆ పరిస్థితిలో ఏ సేనాధిపతి అయినా నిశ్చింతగా నిద్రపోతాడా? జరిగినది న్యాయమని నేను అనడం లేదు, వాళ్ల భయానికి కారణం ఉందని మాత్రమే అంటున్నాను.

పాతకాగితాలు

సుబేదార్ గారు, 1747 నాటి దాడి జరిగింది, దానికి దారి చూపినవారూ ఉన్నారు. అయితే ఆ దాడి రాబోతోందని నోబుల్‌ను ముందుగా హెచ్చరించినవారూ అకాడియన్లే, ఆయన వినలేదు. బోసెజూర్ సంగతిలో మీరు వదిలేసిన వాక్యం ఒకటుంది. కోట లొంగిపోయినప్పటి ఒప్పందంలోనే, ఈ అకాడియన్లు ప్రాణభయంతో ఆయుధాలు పట్టారు కనుక వీరిని క్షమిస్తున్నాము అని రాసి ఉంది. ఆ ఒప్పందంపై సంతకం చేసింది మాంక్టన్. రెండు నెలలు తిరగకుండానే, ఆగస్టు 11న, ఆ ప్రాంతపు మగవారిని నాలుగు వందలమందిని అదే కోటకు పిలిపించి బంధించినదీ మాంక్టనే.

ఇంకొకటి. గ్రాన్‌ప్రే, పిసిక్విడ్ వాళ్ల తుపాకులను, పడవలను ప్రమాణం అడగడానికి ముందే స్వాధీనం చేసుకున్నారు. మా తుపాకులు మాకు ఇవ్వండి, అడవి జంతువుల నుంచి పశువులను కాపాడుకోవాలి అని పెట్టుకున్న అర్జీనే ధిక్కారమని చెప్పి ప్రతినిధులను హాలిఫాక్స్‌కు పిలిచారు. చేతిలో తుపాకీ లేదు, నీటి మీద పడవ లేదు. అలాంటివాళ్ల వల్ల సేనాధిపతికి నిద్ర పట్టకపోవడం ఏమిటి?

విశ్రాంత_సుబేదార్

ఒప్పందం మాట నాకు తెలియదు. ఇచ్చిన మాట తప్పడం సైనికుడికి తగదు, ఆ మేరకు ఒప్పుకుంటున్నాను. తుపాకులు లాక్కున్నంత మాత్రాన ప్రమాదం పోయిందని మాత్రం ఒప్పుకోను. లూయీబర్గ్‌లో తుపాకులు చాలా ఉన్నాయి.

దివిసీమ_రైతు

మీరందరూ ప్రమాణం గురించి మాట్లాడుతున్నారు గాని, నా దృష్టి అనూరాధ గారు చెప్పిన పొలాల మీద ఉంది. సముద్రం పక్కన పచ్చటి పొలాలు ఎలా వచ్చాయని వెతికి చదివాను. చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫండీ అఖాతంలో పోటు లోకంలోకెల్లా పెద్దది. మీనాస్ వైపు పోటుకూ పాటుకూ మధ్య తేడా పదహారు మీటర్ల దాకా ఉంటుంది. రోజుకు రెండుసార్లు ఉప్పునీరు మునిగించి పోయే ఆ బురద నేలను అకాడియన్లు పొలంగా మార్చారు. ఉప్పుగడ్డిని వేళ్లతో సహా పెళ్లలుగా కోసి, పేర్చి, కరకట్ట కట్టారు. కట్ట కింద వాగు వచ్చే చోట పెద్ద మానును తొలిచి తూముగా పెట్టి, దానికి లోపల వేలాడే చెక్క తలుపు అమర్చారు. పాటు సమయంలో లోపలి మంచినీరు తోస్తే తలుపు తెరుచుకుని నీరు సముద్రంలోకి పోతుంది. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరే ఆ తలుపును నెట్టి మూసేస్తుంది. మనిషి కాపలా అక్కరలేదు. దీనిని వాళ్లు అబ్వాతో అంటారు. కట్ట వేశాక రెండు మూడేళ్లు వానకూ మంచుకూ నేలలోని ఉప్పు కడుక్కుపోయే వరకు ఆగి, ఆ తరువాతే గోధుమ చల్లేవారు.

1977 నవంబరు ఉప్పెన తరువాత మా నాన్నగారు మా చేలో ఉప్పు ఎప్పుడు విరుగుతుందా అని ఎన్ని వానలు ఎదురుచూశారో నాకు తెలుసు. చౌడు తేలిన నేలలో మొదటిసారి వరి పచ్చగా నిలబడితే రైతు ఏమవుతాడో కూడా తెలుసు. అలా నేలను తయారు చేసుకున్నవాళ్లను ఒక మధ్యాహ్నం పిలిచి, ఇది నీది కాదు అన్నారు. గవర్నర్ కన్ను ప్రమాణం మీద కాక ఈ పొలాల మీదనే ఉందని నా అనుమానం.

పాతకాగితాలు

దివిసీమ రైతు గారి అనుమానానికి లిఖిత ఆధారం ఉంది. అదే ఏడాది అక్టోబరు 18న లారెన్స్ లండన్‌లోని వాణిజ్య మండలికి రాసిన ఉత్తరంలో, వీళ్లను పంపివేయడం వల్ల వెంటనే సాగు చేసుకోదగిన మంచి భూమి చాలా చేతికి వచ్చిందని చెప్పుకున్నాడు. అయితే భూమి ఒక్కటే కారణమని చెప్పలేము. యుద్ధభయం, మతద్వేషం, భూమి మీద ఆశ మూడూ కలిసి ముడిపడ్డాయి.

మరో సంగతి కూడా చెప్పాలి. ఖాళీ చేసిన పొలాల్లోకి 1760 నుంచి న్యూ ఇంగ్లండ్ రైతులు వచ్చారు. వాళ్లు రాకముందే, 1759 నవంబరు తుపానులో కట్టలు తెగి ఉప్పునీరు పొలాల్లోకి వచ్చేసింది. ఆ కట్టలు తిరిగి ఎలా కట్టాలో కొత్తవాళ్లకు తెలియదు. చివరకు బందీలుగా ఉన్న అకాడియన్లనే తెచ్చి, వాళ్ల పొలాలకు, ఇప్పుడు పరాయివాళ్లవైన పొలాలకు, వాళ్ల చేతనే కట్టలు వేయించారు.

దివిసీమ_రైతు

ఈ చివరి మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

పదకోశం

మాటల గురించి ఒక విన్నపం. తెలుగులో ఎక్కువచోట్ల దీనిని "తరలింపు" అని, "పునరావాసం" అని కూడా రాస్తున్నారు. తుపాను వస్తే జనాన్ని తరలిస్తాము, తరువాత తిరిగి తీసుకొస్తాము. పునరావాసం అంటే మళ్లీ ఒకచోట నివాసం కల్పించడం. 1755లో జరిగినదానికి ఈ రెండూ సరిపోవు. అకాడియన్లే దానిని "ల గ్రాన్ దెరాంజ్‌మాఁ" అంటారు, అంటే పెద్ద కలత, పెద్ద కుదుపు. "దేశబహిష్కారం" దగ్గరగా ఉంది గాని అందులో కుటుంబాలను విడదీయడం కనిపించదు. "చెదరగొట్టడం" అన్న మన మామూలు మాటే సరైనదని నా అభిప్రాయం.

నాంత్_సుజాత

పదకోశం గారితో ఏకీభవిస్తున్నాను, ఎందుకంటే చెదరగొట్టాలన్నదే లారెన్స్ ఉద్దేశం. ఆగస్టు 11న ఇతర వలస రాష్ట్రాల గవర్నర్లకు రాసిన ఉత్తరంలో, వీళ్లు మళ్లీ ఒకచోట చేరకుండా పంచుతున్నానని ఆయనే రాశాడు. అందుకే కెనడాకో ఫ్రాన్సుకో పంపకుండా మాసచూసెట్స్ నుంచి జార్జియా వరకు ఓడకు కొందరు చొప్పున దింపారు. ఆ గవర్నర్లకు ముందుగా కబురు లేదు, ఉత్తరం కూడా మనుషులతో పాటు అదే ఓడలో వచ్చింది.

వర్జీనియా గవర్నర్ తనకు అక్కరలేదన్నాడు. సుమారు 1,100 మందిని 1756లో ఇంగ్లండ్‌కు పంపేశారు. లివర్‌పూల్, బ్రిస్టల్, సౌతాంప్టన్, ఫాల్మత్ దగ్గర వాళ్లను ఏడేళ్లు ఉంచారు, మశూచితో వందలమంది పోయారు. మిగిలినవాళ్లు 1763 పారిస్ సంధి తరువాత ఫ్రాన్సుకు వచ్చారు.

నిజంగా పునరావాసం అని చెప్పదగినది ఫ్రాన్సులోనే మొదలైంది, అదీ విఫలమైంది. 1765లో 78 కుటుంబాలకు బెల్ ఈల్ ద్వీపంలో భూమి ఇచ్చారు. 1773లో పువాతూలోని ఆర్షిన్యీ దగ్గర బంజరు నేలలో మట్టి గోడల ఇళ్లు వరుసగా కట్టి మరికొన్ని కుటుంబాలను దింపారు. ఆ వరుసను ఇప్పటికీ అకాడియన్ గీత అంటారు. నేను చూసి వచ్చాను. ఇళ్లు గట్టిగా ఉన్నాయి, నేల మాత్రం పొదలూ రాళ్లూ. ఫండీ పొలాలు దున్నినవాడికి ఆ నేల చూపిస్తే ఏమనిపించి ఉంటుంది! రెండు మూడేళ్లలోనే చాలామంది అక్కడి నుంచి కదిలి మా నాంత్‌కు వచ్చి, ప్రభుత్వమిచ్చే రోజుకూలి భత్యంతో పదేళ్లు గడిపారు. 1785లో ఏడు ఓడల్లో సుమారు 1,600 మంది స్పెయిన్ పాలనలో ఉన్న లూయిజియానాకు వెళ్లిపోయారు. అంటే 1755లో ఓడ ఎక్కిన పిల్లవాడు స్థిరపడేటప్పటికి ముప్పై దాటాడు.

మౌనపాఠకుడు

సొంత దేశం అనుకున్న ఫ్రాన్సులో కూడా ఇమడలేకపోయారా?

నాంత్_సుజాత

ఫ్రాన్సు వాళ్ల సొంత దేశం కాదు, ముత్తాతల దేశం. నూట యాభై ఏళ్ల క్రితం వదిలి వెళ్లినవాళ్ల మునిమనవళ్లు వచ్చి, మాకు ప్రభువులూ పన్నులూ అలవాటు లేదు, మా కట్టలు మేమే కట్టుకునేవాళ్లము అంటే ఇక్కడి జమీందార్లకు నచ్చలేదు. బెల్ ఈల్‌లో ఒక మంచి పని మాత్రం జరిగింది. పాత ఊళ్ల చర్చి రిజిస్టర్లు చాలావరకు పోయాయి కనుక, 1767లో కుటుంబ పెద్దలను కూర్చోబెట్టి తండ్రి ఎవరు, తాత ఎవరు, ఎవరు ఏ ఓడలో ఎక్కడికి పోయారు అని నోటితో చెప్పించి రాసుకున్నారు. ఇప్పుడు వంశవృక్షాలు వెతికేవాళ్లకు అదే ఆధారం.

మాంక్టన్_రవికిరణ్

వంశవృక్షం మాట వచ్చింది కనుక చెబుతున్నాను. నేను న్యూ బ్రన్స్విక్‌లోని మాంక్టన్‌లో ఉంటాను. ఈ ఊరికి పేరు పెట్టింది పాతకాగితాలు గారు చెప్పిన ఆ మాంక్టన్‌దే. అకాడియన్ విశ్వవిద్యాలయం కూడా ఆ పేరుతోనే 1963లో ఏర్పడింది. మా ఆఫీసులో ఒకే అంతస్తులో నలుగురు లెబ్లాంక్‌లు, ఇద్దరు కోర్మియేలు, ఒక గోదే ఉన్నారు. మన ఇంటిపేర్లలాగే వీళ్లకు కూడా పేరు చెప్పగానే ఏ ఊరివాళ్లో తెలిసిపోతుంది.

వాళ్లలో ఒకాయన భోజనాల దగ్గర నోటరీ రెనే లెబ్లాంక్ కథ చెప్పారు. బ్రిటిష్ ప్రభుత్వానికి నమ్మకంగా పనిచేశాడని ఆయనను మిక్‌మాక్ యోధులు పట్టుకుపోయి నాలుగేళ్లు బందీగా ఉంచారు. అంత విధేయుడిని కూడా 1755లో ఓడ ఎక్కించారు. ఇరవైమంది పిల్లలు, దాదాపు నూట యాభైమంది మనవలు మనవరాళ్లు వేర్వేరు రేవులకు చెదిరిపోగా, ఆయన భార్యతోనూ ఇద్దరు చిన్నపిల్లలతోనూ న్యూయార్క్‌లో దిగి, మిగతావాళ్లను వెతుక్కుంటూ మరో ముగ్గురిని కలుసుకుని ఫిలడెల్ఫియాలో చనిపోయాడు. అక్కడి అకాడియన్లు రాజుకు రాసుకున్న అర్జీలో ఈ సంగతి ఉంది. ప్రమాణం చేసి ఉంటే మిగిలేవారా అన్న ప్రశ్నకు నా జవాబు రెనే లెబ్లాంక్. విధేయత నిరూపించినవాడికీ మినహాయింపు లేదు.

విశ్రాంత_సుబేదార్

ఒక నోటరీ నమ్మకస్తుడైనంత మాత్రాన అందరూ అంతే అనలేము. కానీ విధేయుడని తెలిసినవాడిని వదిలిపెట్టకపోవడం భద్రత కోసం చేసిన పని కాదు, అది ఒప్పుకోక తప్పదు. మాసచూసెట్స్‌లో పిల్లలను తల్లిదండ్రుల నుంచి తీసుకుని ఇళ్లలో పనికి పెట్టారని నిన్న చదివాను. తండ్రులు మా పిల్లలను మాకు ఇవ్వండి, దేశం పోయిన బాధకన్నా ఇది ఎక్కువ అని 1756లో అర్జీ పెట్టుకున్నారు. ముగ్గురు మనవరాళ్లున్న నాకు దానిని సమర్థించే మాట దొరకలేదు.

బందరు_కోట

మనకు దూరపు కథ అనిపిస్తుంది గాని, ఇదే యుద్ధం మన ఊళ్లలో కూడా జరిగింది. 1756 నుంచి 1763 వరకు సాగిన ఏడేళ్ల యుద్ధంలోనే ఇంగ్లీషు అధికారి ఫోర్డ్ సేన 1759 ఏప్రిల్‌లో బందరు కోటను ఫ్రెంచివారి నుంచి పట్టుకుంది. ఆ పోరు ముగిసింది 1763 నాటి అదే పారిస్ సంధితో. ఫ్రెంచివారికి మన వైపు యానాం మిగిలింది, అటు లూయీబర్గ్ పోయింది. నేను కోట శిథిలాల దగ్గర పెరిగాను, ఈ రెండింటికీ సంబంధం ఉందని ఇప్పటిదాకా తోచలేదు.

పాతకాగితాలు

బందరు కోట గారి మాటకు చిన్న చేర్పు. యుద్ధం అధికారికంగా ప్రకటించింది 1756 మేలో. గ్రాన్‌ప్రే చర్చి తలుపులు మూసినది అంతకు ఎనిమిది నెలల ముందు. చట్టం లెక్కన చూస్తే, శాంతికాలంలో తమ రాజు ప్రజలనే పంపివేశారు.

లఫయెట్_శ్రీవాణి

అందరూ గొర్రెల మందలాగా ఓడ ఎక్కారన్న అభిప్రాయం కలుగుతోంది, అది సరిచేయాలి. 1755 అక్టోబరు 1న ఫోర్ట్ లారెన్స్‌లో బంధించినవారిలో 86 మంది గోడ కింద సొరంగం తవ్వుకుని తప్పించుకున్నారు. డిసెంబరులో అన్నపోలిస్ నుంచి బయలుదేరిన పెంబ్రోక్ అనే ఓడలో 232 మంది అకాడియన్లు సిబ్బంది మీద తిరగబడి, ఓడను స్వాధీనం చేసుకుని సెయింట్ జాన్ నది వైపు తిప్పేశారు. జోసెఫ్ బ్రుసార్, ఆయనను బోసొలే అంటారు, అడవుల్లో ఉండి మిక్‌మాక్ యోధులతో కలిసి కొన్నేళ్లు పోరాడాడు. తరువాత బందీ అయ్యాడు. విడుదలయ్యాక 1765 ఫిబ్రవరిలో దాదాపు రెండు వందలమందితో న్యూ ఆర్లీన్స్ చేరి, లూయిజియానాలో నేను ఉంటున్న ఈ ప్రాంతానికి వచ్చి, ఆ ఏడాదే జ్వరంతో చనిపోయాడు.

అకాడియన్ అన్న మాటే నోట నలిగి కేజన్ అయింది. మా పక్కింటి పెద్దావిడకు తొంభై దాటాయి. 1921 నాటి లూయిజియానా రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో ఇంగ్లీషు మాత్రమే ఉండాలన్నది కదా, ఆవిడ ఆరేళ్ల వయసులో బడిలో బాత్రూమ్‌కు వెళ్లాలని ఫ్రెంచిలో అడిగినందుకు శిక్ష పడిందట. ఎలా అడగాలో ఇంగ్లీషులో తెలియదు, అడగకుండా ఉండలేకపోయింది. ఆ మిగతా కథ చెప్పేటప్పుడు ఆవిడ ఇప్పటికీ తల దించుకుంటుంది. తన పిల్లలకు ఫ్రెంచి నేర్పలేదు. ఓడలు చేయలేని పని బడి చేసిందని ఆవిడ అంటుంది. మా పాప నాతో తెలుగులో మాట్లాడుతుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి వింటూ ఉంటుంది.

హాలిఫాక్స్_అనూరాధ

శ్రీవాణి గారు, ఆవిడకు నా నమస్కారాలు చెప్పండి.

పదకోశం

ఇక్కడ మిక్‌మాక్ ప్రజల పేరు యోధులుగానే వస్తోంది. ఆ భూమి అసలు వాళ్లది. అకాడియన్లు అడవిని కాక సముద్రపు నేలను పొలం చేసుకున్నారు కనుక ఇరువురికీ తగాదా తక్కువ ఉండేది, పెళ్లిళ్లు కూడా జరిగాయి. 1755 తరువాత తప్పించుకున్నవాళ్లను దాచి, తిండి పెట్టినది కూడా వాళ్లే. 1749లో మిక్‌మాక్ తలలకు వెల కట్టిన కార్న్‌వాలిస్ విగ్రహాన్ని హాలిఫాక్స్‌లో 2018లో తొలగించారు. అకాడియన్ల కథ చెప్పేటప్పుడు వీళ్లను పక్క పాత్రలుగా చేయకూడదు.

మాంక్టన్_రవికిరణ్

నిజమే. ఇంకా ఎవరూ చెప్పనిది 1758. లూయీబర్గ్ పడిపోయాక, ఇప్పటి ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలోని మూడు వేలమందిని ఫ్రాన్సుకు పంపారు. డిసెంబరులో డ్యూక్ విలియం, వయొలెట్ అనే రెండు ఓడలు అట్లాంటిక్‌లో మునిగిపోయాయి. ఒక్క డ్యూక్ విలియంలోనే మూడు వందల అరవైకి పైగా మరణించారు. 1755 నుంచి 1763 వరకు పద్నాలుగు వేలలో పది వేలకు పైగా మందిని పంపివేశారని చరిత్రకారుల అంచనా, అందులో కొన్ని వేలమంది ఓడల్లోనూ రేవుల్లోనూ పోయారు. చర్చిలో ప్రకటన చదివిన విన్‌స్లో, ఈ పని తన స్వభావానికి సరిపడనిదని ఆ ప్రకటనలోనే అన్నాడు. అన్నాడు, చదివాడు, తరువాత మీనాస్ ఊళ్లలో 698 కట్టడాలను తగలబెట్టించి లెక్క రాసుకున్నాడు.

మౌనపాఠకుడు

దీనికి ఎవరైనా క్షమాపణ చెప్పారా?

లఫయెట్_శ్రీవాణి

ఇక్కడి న్యాయవాది వారెన్ పెరిన్ 1990లో బ్రిటిష్ రాణికి అర్జీ పెట్టారు. 2003 డిసెంబరులో కెనడా గవర్నర్ జనరల్ రాణి పేరున ఒక ప్రకటన మీద సంతకం చేశారు. జరిగినదాన్ని, దాని ఫలితాలను అది గుర్తించింది, ఏటా జులై 28ని సంస్మరణ దినం చేసింది. చట్టపరమైన బాధ్యత గాని పరిహారం గాని లేదని అందులోనే రాశారు. క్షమాపణ అన్న మాట లేదు.

విశ్రాంత_సుబేదార్

రెండు వందల యాభై ఏళ్ల తరువాత వచ్చిన ప్రకటనలో ఆ ఒక్క మాట రాయడానికి కూడా వెనుకాడారా? మొదటి నుంచీ మీతో వాదిస్తున్న నాకే ఇది తగనిదిగా తోస్తోంది.

నాంత్_సుజాత

1764లో తిరిగి రావచ్చు, కానీ చిన్న గుంపులుగా, ప్రమాణం చేసి రావాలి అన్నారు. చాలామంది మాసచూసెట్స్ నుంచి నడిచి వచ్చారు. వచ్చేసరికి పొలాల్లో వేరేవాళ్లున్నారు. అందుకే నోవాస్కోషియాలో అకాడియన్ ఊళ్లు ఇప్పుడు గ్రాన్‌ప్రేలో కాక, 1768 నుంచి సెయింట్ మేరీ అఖాతం ఒడ్డున క్లేర్‌లో ఉన్నాయి. అక్కడి నేల పలచన, అందుకని రైతులు చేపలు పట్టడం నేర్చుకున్నారు. అనూరాధ గారు వీలుంటే ఆగస్టు 15న అక్కడికి వెళ్లండి. అది వాళ్ల జాతీయ దినం. నక్షత్రమున్న మూడు రంగుల జెండాలు పట్టుకుని, గిన్నెలు, గరిటెలు, డబ్బాలు వాయిస్తూ ఊరంతా వీధిలోకి వస్తుంది. మేము ఇంకా ఉన్నాము అని వినిపించడానికే ఆ చప్పుడు.

హాలిఫాక్స్_అనూరాధ

ఇవన్నీ మా అబ్బాయికి రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి చదివి వినిపించాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు, తరువాత, "సంతకం పెడతామన్నప్పుడు తీసుకోకపోతే మరి ఎందుకు అడిగారు?" అన్నాడు. ఈసారి నేను జవాబు వెతకలేదు. ఓడలు ఎక్కించిన చోటు చర్చి దగ్గర కాదనీ, కొంత దూరంలోని హోర్టన్ రేవు దగ్గర ఇనుప శిలువ ఉందనీ ఎవరో చెప్పగా విన్నాము. వచ్చే ఆదివారం అక్కడికి వెళ్తున్నాము.

మాంక్టన్_రవికిరణ్

అవును, 1924లో ఆ శిలువను వేరే చోట నిలబెట్టారు, 2005లో హోర్టన్ రేవుకు మార్చారు. పాటు సమయం చూసుకుని వెళ్లండి. ఎర్రటి బురద ఎంత దూరం తేలుతుందో చూస్తే, ఓడల దాకా చిన్న పడవల్లో ఎందుకు చేర్చవలసి వచ్చిందో అర్థమవుతుంది.

దివిసీమ_రైతు

అమ్మా అనూరాధ గారు, మీరు మళ్లీ గ్రాన్‌ప్రే మీదుగా వెళ్తే, ప్రదర్శనలో పాత తూము మాను ఎక్కడైనా ఉంటే దగ్గరగా ఫొటో తీసి పంపండి. ఆ చెక్క తలుపు పైన వేలాడుతోందా, పక్కకు తెరుచుకుంటోందా అన్నది నాకు చూడాలని ఉంది.